ధర చోటు

మురకంబట్టు దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ,
మేడ మీద ఫ్యాను మాత్రమే ఉన్న గదిలో రాత్రి పని నాది.
కింద లారీలు. పులిసిన తోతాపురి వాసన
మెట్లెక్కి వచ్చి కీబోర్డు పక్కన కూర్చుంటుంది.

పన్నెండు వందల నలభై మంది రైతులు.
ఒక్కొక్కరికి ఒక పేజీ.
నేను రాసింది మాత్రం ఒకటే.

పెర్ల్‌లో ఒంటరి విలువకు ముందు డాలర్ గుర్తు,
వరసకు ముందు చుట్ట చుట్టుకున్న అ లాంటి గుర్తు.
లెక్క వేరు, పేజీ వేరు అని
మధ్యన గోడ పెట్టాను.
ఇటు ఫైల్లో రంగులు, గీతలు, కంపెనీ ముద్ర,
చదరపు బ్రాకెట్లలో, శాతం గుర్తుల నడుమ
ఇక్కడ పేరు, ఇక్కడ ఊరు,
ఇక్కడ టన్నులు, ఇక్కడ ధర.
అటు ఫైల్లో తూకం చీటీలు.
రెండూ కలిసేది రాత్రి ఒంటిగంటకు,
నేను టీ తాగి గ్లాసు కడిగేలోపల.

మా మేనమామ గానుగ దగ్గర చెక్క అచ్చులుండేవి.
పాకం ఎవరి చెరకుదైనా
బోర్లించి తడితే ఒకే కొలత దిమ్మ.
అచ్చు ఎప్పుడూ రుచి చూడలేదు.
నాదీ అచ్చే అనుకున్నాను.
బళ్లో నేర్పిన ఇంకో అచ్చు అప్పుడు గుర్తు రాలేదు,
అది లేకపోతే అక్షరం పొల్లయిపోతుందని.
పొల్లంటే గింజ లేని ఊక కూడా అని
తూర్పార పట్టినవాళ్లకు తెలుసు.

ఈ ఏడు జూన్ దాటినా ధర రాలేదు.
ఫ్యాక్టరీలు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి.
ధర చోట సున్నా కూడా లేదు.
సున్నా అయితే అంకె, దానితో తగాదా పడొచ్చు.
ఇది లేకపోవడం.
పెర్ల్ ఊరుకోలేదు, హెచ్చరించింది,
విలువ పెట్టని చోటును వాడుకుంటున్నావని,
మనిషికొకసారి,
పన్నెండు వందల నలభై సార్లు.
నోరు మూయించు దాన్ని, అన్నాడు మేనేజర్ దేశింగురాజన్,
అక్కడ 'త్వరలో' అని పెట్టెయ్.
పెట్టాను. ఒక్క మాట, ఒక్క చోట.
తెల్లారేసరికి ఊరూరా త్వరలో.

తవణంపల్లె నుంచి చెంగల్రాయులు వచ్చాడు,
చెమటకు మెత్తబడిన తూకం చీటీతో,
ఎవరిదో ఫోను అడిగి తెచ్చుకొని.
"ఈ పేజీ రాసేది నువ్వేనా పాపా?"
"మిషను రాస్తాదన్నా."
కాసేపు నన్ను చూసి, మిషన్ను చూసి అన్నాడు:
"పేరు సరిగ్గా ఉండాది. ఊరు సరిగ్గా ఉండాది.
నాలుగు టన్నుల రెండొందల కిలోలు, అదీ సరే.
ఈ త్వరలో అనేది కిలోకి ఎన్ని రూపాయలు?
పక్క చేని మునెమ్మకు గూడా ఇదే త్వరలోనా,
ఆమెకేమన్నా రవ్వంత తక్కువ త్వరలోనా?"

నీళ్లిచ్చాను. అంతకన్నా నా దగ్గర ఏముంది.
తాగి, వేళ్ల కణుపుల మీద బొటనవేలు నడిపించి
"కాయ దింపి పంతొమ్మిది దినాలాయ" అని
మెట్లు దిగిపోయాడు.

ఆ రాత్రి ఫైలు తెరిచి త్వరలో చెరిపేశాను.
ధర నా చేతిలో లేదు.
తూకం చీటీ మీద తేదీ ఉంది.
ఈ రోజుకూ ఒక తేదీ ఉంది.
తీసివేత రెండో తరగతి లెక్క.

కాయ దింపి నేటికి ఇన్ని రోజులు,
అంతే రాశాను, ఒక్క చోట.

ఒంటిగంట. టీ. గ్లాసు.
చెంగల్రాయులుకు ఇరవై. అర్ధరాత్రి దాటింది కదా.
మునెమ్మకు పదహారు.
గుడిపాల వైపు ఎవరికో ముప్పై ఒకటి.
ఏ ఇద్దరి పేజీలూ పక్కపక్కన పెట్టినా ఒకటి కాదు.
ఈసారి పెర్ల్ ఒక్క మాట అనలేదు.

దేశింగురాజన్ తొమ్మిదింటికి వస్తాడు.
రేపు ఒంటిగంటకు
ఈ కుర్చీలో నేనున్నా, ఇంకెవరున్నా,
ప్రతి పేజీలో ఒకటి పెరుగుతుంది.